కిడ్నీలో రాయి మళ్ళీ రాకుండా నేను మార్చుకున్నవి

పడిపోయిన రాయిని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే కాల్షియం ఆక్సలేట్ అని తేలింది, అంటే కాల్షియం, పాలకూర లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కలిసి కట్టిన రాయి. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ భాగం ఈ రకమే. ఆక్సలేట్ స్ఫటికాలు కిడ్నీ నాళికల లోపలి కణాలను ఆక్సీకరణ ఒత్తిడితో, అంటే కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరగడంతో, దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణానికి స్ఫటికం ఇట్టే అతుక్కుంటుంది. మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్, కాటెచిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఆ దెబ్బను తగ్గించాయని ప్రయోగాల్లో కనబడింది. అయితే అవి ఎలుకల మీద చేసినవి. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు.

అందుకే క్యాప్సూల్స్ జోలికి పోలేదు. విటమిన్ సి కూడా యాంటీఆక్సిడెంటే కదా, మోతాదు ఎక్కువైతే ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. పసుపు మాత్రలైతే నేరుగా ఆక్సలేట్‌నే మోసుకొస్తాయి.

పండ్లు, కూరగాయలు పెంచాను. పాలకూర, బీట్‌రూట్ తగ్గించాను, తిన్నప్పుడు పక్కన పెరుగు తప్పనిసరి. అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ కోసం నీళ్ళలో నిమ్మరసం. ఉప్పు తగ్గించడమే అన్నిటికంటే కష్టమైంది.

డాక్టర్ పెట్టిన లెక్క రోజుకు 2.5 లీటర్లు. తాగే నీళ్ళు కాదు, మూత్రం! కొలత గీతలున్న జగ్గు బాత్రూంలోనే పెట్టుకున్నాను. తర్వాత చేసిన 24 గంటల మూత్ర పరీక్షలో ఆక్సలేట్ తగ్గింది, సిట్రేట్ పెరిగింది. స్కాన్‌లోనూ కొత్త రాయి లేదు.