ఫోమ్ దిమ్మెల కాంక్రీటు గోడకు చెక్క నేలను ఎలా బిగించాలి?

మన ఊళ్లలో మేడ వేయాలంటే సెంట్రింగ్ కొట్టి స్లాబు పోస్తాం. అమెరికా, కెనడాల్లో గోడ కాంక్రీటుదైనా పై అంతస్తు నేల చాలా ఇళ్లలో చెక్కదే. అక్కడి ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్స్) పద్ధతిలో థర్మకోల్ లాంటి ఫోమ్ దిమ్మెలు పేర్చి, మధ్యలో ఊచలు కట్టి కాంక్రీటు పోస్తారు. దిమ్మెలను తర్వాత తీసెయ్యరు. చలికీ ఎండకీ అడ్డుగా రెండువైపులా అలాగే ఉండిపోతాయి. లోపలివైపు ఫోమ్ మందం దాదాపు రెండున్నర అంగుళాలు. చిక్కంతా అక్కడే. బరువు మోయగలిగేది కాంక్రీటు, చెక్కకు తగిలేది ఫోమ్. నడుమ ఫోమ్ ఉండగానే బోల్టు బిగిస్తే బరువుకు బోల్టు వంగి, నేల కుంగుతుంది. అక్కడ ఇల్లు కట్టించుకుంటున్న మనవాళ్లు కాంక్రీటు పోయకముందే ఒకసారి వెళ్లి చూసుకోవాల్సిన చోటు ఇది.

ముందు గీత కొట్టాలి. నేలను మోసే చెక్క దూలాల (జాయిస్టుల) చివర్లను పట్టుకోవడానికి గోడ పొడవునా బిగించే పలకను లెడ్జర్ అంటారు. నేల పూర్తయ్యాక ఉండాల్సిన ఎత్తులోంచి పైపొర మందం, ప్లైవుడ్ మందం తీసేస్తే లెడ్జర్ పైఅంచు వస్తుంది. లేజర్ లెవెల్‌తో అన్ని గోడలకూ ఒకేసారి గుర్తు పెట్టండి.

బోల్టు వచ్చే ప్రతిచోటా కాంక్రీటు పోసే ఖాళీ కనిపించేదాకా ఫోమ్ కోయాలి. బోల్టుల లావు, ఎడం ఇంజనీరు డ్రాయింగు ప్రకారమే ఉండాలి, అందాజాగా వద్దు. రంధ్రం పైఅంచును లోపలికి వెళ్లేకొద్దీ పైకి ఏటవాలుగా కోస్తే గాలి చిక్కుకోదు. దిమ్మెను కలిపి ఉంచే ప్లాస్టిక్ కట్లు మాత్రం తెగకూడదు.

ఇప్పుడు పుచ్చకుండా మందు పట్టించిన లెడ్జర్‌ను రంధ్రాల మీద పెట్టి, కాంక్రీటు తగిలేచోట వెనక తేమ ఆపే పొర వేసి, బోల్టులను లోపలికి దించండి. ఆ మందులోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది కాబట్టి బోల్టులు, మేకులు గాల్వనైజ్డ్‌వే వాడాలి. కాంక్రీటు పోసేటప్పుడు ప్రతి బోల్టు దగ్గరా కాంక్రీటును కుదిపే వైబ్రేటర్ పెట్టించండి. అక్కడ లోపల గుల్ల ఉండిపోతే పైకి కనబడదు. ఫోమ్‌లో సన్నని గాటు పెట్టి, చిల్లుల స్టీలు ప్లేటును కాంక్రీటులోకి దించే పద్ధతి కూడా ఉంది. అందులో చెక్క ఫోమ్‌కు ఆనినా బరువును ప్లేటే కాంక్రీటుకు చేరవేస్తుంది. నాకైతే అదే మేలనిపిస్తుంది, కోత పని బాగా తగ్గుతుంది.

కాంక్రీటు గట్టిపడ్డాక నట్లు బిగించి, లెడ్జర్‌కు జాయిస్టు హ్యాంగర్లు (జాయిస్టు చివరను పట్టుకునే స్టీలు తొడుగులు) కొట్టండి. జాయిస్టు చివరకీ లెడ్జర్‌కీ మధ్య 1/8 అంగుళం మించి సందు ఉండకూడదు. హ్యాంగర్‌కు తయారీదారు చెప్పిన మేకులే వాడాలి. జిప్సం బోర్డు స్క్రూలు ఆ బరువుకు పుటుక్కున విరుగుతాయి.

ఇక నేల అంచు. ఒక అంచున నాలుక, ఎదుటి అంచున గాడి ఉండే ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలకలను జాయిస్టులకు అడ్డంగా, జిగురు వేసి పరవండి. నాలుక వైపు గోడకు ఉండాలి, అప్పుడే గాడి వైపు నుంచి కొట్టి బిగించవచ్చు. పలకల మధ్య 1/8 అంగుళం సందు వదలండి. గోడ వెంబడి అంచు లెడ్జర్ మీద కూర్చోవాలి. డ్రాయింగులో వేరేగా లేకపోతే అంచుల్లో 6 అంగుళాలకో మేకు, మధ్యలో 12 అంగుళాలకో మేకు. జాయిస్టులకు సమాంతరంగా ఉండే గోడల దగ్గరా లెడ్జర్ వేసి, మొదటి రెండు మూడు జాయిస్టుల మధ్య చెక్క అడ్డదిమ్మెలు బిగించండి.

ఈ మేకులొక్కటే గోడను పట్టి ఉంచుతాయనుకోవద్దు. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపంలో కాంక్రీటు గోడలు బయటికి ఊగినప్పుడు, పైకప్పు లెడ్జర్లు చెక్క నారు వెంట పొడవునా చీలాయి. గోడలు విడిపోయి కప్పులు కూలాయి. అందుకే గోడలోని కాంక్రీటు నుంచి నేరుగా జాయిస్టులకూ అడ్డదిమ్మెలకూ స్టీలు పట్టీలు వేస్తారు. డ్రాయింగులో అవి కనిపించకపోతే ఇంజనీరును అడగండి.

చివరగా, గది వైపు ఫోమ్‌ను అర అంగుళం జిప్సం బోర్డుతో మూయించండి. మంటకు ఫోమ్ తొందరగా కరుగుతుంది.