ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గట్లేదా? ముందు ఇవి సరిచూసుకోండి

ఉబ్బసం ఉన్నవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట, "మందు వాడుతూనే ఉన్నా, ఏం గుణం కనిపించట్లేదు" అని. ఎలా వాడుతున్నారో ఒకసారి చేసి చూపించమంటే చాలాసార్లు సంగతి అక్కడే తెలిసిపోతుంది. మందు నాలుక మీదో గొంతులోనో ఆగిపోతోంది, ఊపిరితిత్తుల దాకా చేరట్లేదు. లేదంటే రోజూ పీల్చాల్సిన మందు మానేసి, ఆయాసం వచ్చినప్పుడు వాడే మందు మీదే నెట్టుకొస్తున్నారు. డోసు పెంచమని అడిగేముందు, డాక్టర్‌ని మార్చేముందు ఈ రెండూ చూసుకోండి.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర ఆయాసం లేని రోజున కూడా ఎంతో కొంత వాచే ఉంటుంది. దానికి దుమ్మో పొగో జలుబో చల్లగాలో తోడైతే నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కళ్లె పేరుకుంటుంది, గాలి వెళ్లే దారి ఇరుకై పిల్లికూతలు మొదలవుతాయి. సాల్బుటమాల్ లాంటి రిలీవర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు వాడే మందు, ఆ బిగుసుకున్న కండరాన్ని కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, కానీ వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అది పీల్చగానే హాయిగా అనిపించదు, దాని పని తెలియడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది, అందుకే జనం "ఇది పనిచేయట్లేదు" అని దాన్నే పక్కన పడేస్తారు. ఉబ్బసం చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ గినా 2019 నుంచి పెద్దవాళ్లకీ టీనేజ్ పిల్లలకీ రిలీవర్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దని చెబుతోంది. కొంతమందికి బుడెసొనైడ్, కండరాన్ని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిపిన ఒకే ఇన్‌హేలర్‌ని రెండు అవసరాలకూ రాస్తారు. మీ దగ్గరున్నది ఏ రకమో, రోజూ వాడాలో అవసరానికి వాడాలో డాక్టర్‌ని అడిగి దాని మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి.

స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడతారు, అర్థం చేసుకోగలను. కానీ లెక్క చూడండి: తక్కువ డోసు బుడెసొనైడ్ అంటే పెద్దవాళ్లకి రోజుకి 200 నుంచి 400 మైక్రోగ్రాములు, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే. దానికి భయపడి మానేసి, ఎటాక్ వచ్చి ఆసుపత్రిలో చేరితే మాత్రల రూపంలో ఇచ్చే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాముల (అంటే 40,000 మైక్రోగ్రాముల) దాకా ఉండొచ్చు, అది ఒళ్లంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్ పీల్చాక నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లటి పూత రావడం చాలావరకు దీనితోనే తగ్గుతాయి.

ఇప్పుడు పీల్చే పద్ధతి. నొక్కే రకం ఇన్‌హేలర్ అయితే మూత తీసి, లోపల ఏమీ ఇరుక్కోలేదని చూసి, బాగా కుదపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడకపోయినా కరపత్రంలో చెప్పినన్నిసార్లు ముందు గాల్లోకి కొట్టండి. నిటారుగా కూర్చుని ఊపిరి పూర్తిగా వదిలేయండి, చాలామంది వదిలేసే మెట్టు ఇదే, లోపల గాలి నిండి ఉంటే మందు వెళ్లడానికి చోటెక్కడిది? ఇన్‌హేలర్ మూతిని నోట్లో పెట్టుకుని పెదవులతో గట్టిగా మూసి పట్టుకుని, నోటితో నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కండి, నొక్కాక కూడా మూడు నుంచి ఐదు సెకన్లు అలా పీలుస్తూనే ఉండండి. తర్వాత పది సెకన్లు, లేదా మీ వల్ల అయినంతసేపు, ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం, నిమిషం ఆగి, మళ్లీ కుదిపి మొదటి నుంచీ చేయండి. ఒకేసారి రెండుసార్లు నొక్కితే రెండు డోసులు అందినట్టు కాదు. నొక్కగానే నోట్లోంచో ముక్కులోంచో తెల్లగా పొగలా బయటికొస్తోందంటే మందు వృథా అవుతున్నట్టే.

ఈ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, పెట్టుకోండి. అది చిన్నపిల్లలకే అనుకోవడం పొరపాటు, పెద్దవాళ్లకి కూడా దానితో మందు బాగా అందుతుంది. సబ్బు నీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి, తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. పొడి మందు ఇన్‌హేలర్‌కి మాత్రం పద్ధతి వేరు: నెమ్మదిగా కాదు, వేగంగా, గట్టిగా, లోతుగా లాగాలి, దానిలోకి ఊదకూడదు.

పద్ధతి సరిగ్గానే ఉన్నా తగ్గట్లేదంటే ఇంట్లో పొగ ఉందా, ఎవరైనా సిగరెట్ తాగుతున్నారా, పరుపులూ దిండ్లూ దుమ్ము పట్టి ఉన్నాయా చూడండి. ఇంకొకటి పెద్దగా ఎవరూ అడగరు, వేరే జబ్బులకి వాడే మందులు. బీపీకీ గుండెకీ వాడే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, గ్లాకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి) వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా ఉబ్బసాన్ని ఎగదోస్తాయి. కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ పడవు. మీకు మీరే ఆపేయకుండా, అన్ని మందుల పేర్లూ డాక్టర్‌కి చెప్పండి.

ఎటాక్ వస్తే పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టండి. డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ఉంటే అదే పాటించండి. లేకపోతే సాల్బుటమాల్ స్పేసర్‌తో ఒక్కో పఫ్‌గా నాలుగు, ప్రతి పఫ్‌కీ నాలుగు ఊపిర్లు, తర్వాత నాలుగు నిమిషాలు ఆగి చూడండి. తేరుకోకపోతే అంబులెన్స్ పిలిచి, అది వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయండి. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, పిల్లలు డొక్కలు ఎగరేస్తున్నా ఈ నాలుగు నిమిషాలు కూడా ఆగొద్దు, వెంటనే పిలవండి. ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు ఆగిపోతే నయమైందనుకోకండి, గాలి ఆడటమే తగ్గిపోయిందని అర్థం, అది ఇంకా ప్రమాదం.

ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లకీ, పొయ్యి పొగలో గడిపినవాళ్లకీ మెట్లెక్కుతుంటే వచ్చే ఆయాసం ఉబ్బసం కాకపోవచ్చు, సీఓపీడీ (గాలి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే ఊపిరితిత్తుల జబ్బు) కావచ్చు. అది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షతోనే తేలుతుంది. సీఓపీడీలో ఇరుకైన దారి పూర్తిగా తెరుచుకోదు, అయినా పొగ మానేస్తే దిగజారే వేగం తగ్గుతుంది. ఆయాసపడినప్పుడు ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి నాలుగు అంకెలసేపు వదలడం ఉపశమనం ఇస్తుంది. ఇక రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, దానితో సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనిపిస్తే ఇన్‌హేలర్‌తో కాలక్షేపం చేయకుండా కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి.