అపాచీ ట్రైల్: ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంట్లోనే అనుకోండి

అమ్మానాన్నలు ఊరి నుంచి అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కు వచ్చేది ఎక్కువగా ఎండాకాలంలోనే. గ్రాండ్ కాన్యన్ చూపించడం అయ్యాక, ఒక్క రోజులో వెళ్లి రాగల చోటు కోసం వెతికితే ముందు తగిలేది అపాచీ ట్రైల్. అపాచీ జంక్షన్ నుంచి రూజ్‌వెల్ట్ డ్యామ్ దాకా సుమారు 40 మైళ్ల కొండదారి. 1911లో పూర్తయిన ఆ డ్యామ్‌కు సామాన్లు చేరవేయడానికి తొలిచిన బండ్లబాట ఇది. కార్ల కోసం వేసింది కాదన్న సంగతి ప్రతి మలుపులోనూ తెలుస్తుంది.

దీన్ని ఒక రోడ్డుగా కాక మూడు ముక్కలుగా చూడండి. టార్టిల్లా ఫ్లాట్ అనే చిన్న ఊరి దాకా 18 మైళ్లు తారు రోడ్డే, మామూలు కారు చాలు. ఇంకొన్ని మైళ్లకు తారు అయిపోయి మట్టి, కంకర మొదలవుతాయి. ఫిష్ క్రీక్ వ్యూపాయింట్ తర్వాత కొండ దిగే భాగం అసలు పరీక్ష. 2019లో ఉడ్‌బరీ కార్చిచ్చుకు కొండల మీది చెట్టూ చేమా కాలిపోయాయి. ఆ సెప్టెంబరులో కురిసిన వానకు అడ్డు లేక, వరద రోడ్డునే కోసేసింది. అయిదేళ్లు మూసి ఉంచి 2024లో తెరిచారు గానీ, నేలకు ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేనిదే దిగవద్దని రవాణా శాఖే చెబుతోంది. తిరుమలలో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి ఉంటాయి. ఇక్కడ ఇరుకైన మట్టి దారిలోనే ఎదురు బండి వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే వ్యూపాయింట్ దగ్గరే వెనక్కి తిరగమంటాను. చూడవలసిన లోయ అక్కడి నుంచే కనిపిస్తుంది. అద్దె కారైతే ఒప్పందం చదవండి, మట్టి రోడ్ల మీద నడపకూడదనే షరతు చాలావాటిలో ఉంటుంది.

ఈ దారిలో అందరూ లోయకు భయపడతారు. నా భయం నీళ్లకు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడ వానల కాలం. మీ నెత్తిన ఎండ మండుతూ ఉండగానే, ఎక్కడో ఎగువ కొండల్లో పడిన వాన వాగై రావచ్చు. ముందు పుల్లలు, ఎండు కొమ్మలు, గోధుమరంగు నురుగు దొర్లుకుంటూ వస్తాయి, వాటి వెంటే నీళ్లు. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చేయగలవు. రెండడుగులైతే పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి, ఎంత సేపైనా సరే. బారికేడ్ దాటి నీళ్లలో ఇరుక్కున్నవారి దగ్గర రక్షణ ఖర్చు వసూలు చేసే చట్టం అరిజోనాలో 1995 నుంచి ఉంది. జనం దానికి పెట్టుకున్న పేరు ‘తెలివితక్కువ డ్రైవర్ల చట్టం’.

బయలుదేరే ముందు 511కు ఫోన్ చేసి రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. పెట్రోలు అపాచీ జంక్షన్‌లోనే నింపుకోండి. టైర్లలో గాలి తెల్లవారే, అవి చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. కారు చెడిపోతే ఎండలో నడిచి వెళ్లే ప్రయత్నం చేయకండి, కారు దగ్గరే నీడ చూసుకుని ఉండండి. టార్టిల్లా ఫ్లాట్‌కు ముందే వచ్చే కాన్యన్ లేక్ దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి, మ్యాప్ ముందే దించుకోండి.

దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచితే కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చేదాకా ఆగకుండా మొదటి నుంచే లో గేర్‌లో దిగండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపండి, అప్పటికీ తగ్గకపోతే వెడల్పుగా ఉన్న చోట కారు నిలపండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టుకోవద్దు. సాయంత్రం ఫీనిక్స్ వైపు తిరిగి వస్తుంటే సూర్యుడు సరిగ్గా అద్దంలోకే కొడతాడు, ఎదురు మలుపు కనపడదు. నేనైతే తిరుగు ప్రయాణం మొదలుపెట్టడానికి మధ్యాహ్నం రెండు దాటనివ్వను.

ఇంకొకటి, నవ్వకండి: కారులో పాత దువ్వెన ఒకటి పడేసి ఉంచండి. ఫొటో కోసం రోడ్డు దిగితే చోయా అనే ఎడారి కాక్టస్ మొక్క ముళ్ల ముద్దలు పట్టుకుంటాయి. మా అమ్మ చీర అంచుకు పట్టిన ముద్దను నేను చేత్తో లాగబోయాను, అది నా వేళ్లకు అంటుకుంది. దువ్వెన పళ్లు ముద్ద కిందకు పోనిచ్చి ఒక్క విసురు విసిరితే ఊడి వస్తుంది. విసిరే వైపు మాత్రం ఎవరూ లేకుండా చూసుకోండి.