బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకి ఉద్యోగానికి వెళ్తున్నారా? టికెట్ కొనేముందు ఇవి చూసుకోండి

బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకున్న మనవాళ్లకీ ఇవన్నీ వర్తిస్తాయి.

– వీసా మంజూరు కాకముందే ఉద్యోగం మానేయకండి, ఇల్లు అమ్మకండి. ఆలస్యమైతే అటూ ఇటూ కాకుండా పోతారు. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

– మీ వృత్తికి అక్కడ అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. నర్సులకు ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్, ఎలక్ట్రీషియన్లకు అక్కడి లైసెన్సు తప్పనిసరి. బిల్డింగ్ సైట్‌లో పనికి వైట్ కార్డ్ (భద్రతా శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చే కార్డు) ఉండాలి. బ్రిటన్‌లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ కార్డు లేకపోతే పనిలోకి రానివ్వరు.

– వర్కింగ్ హాలిడే వీసాకి (తిరుగుతూ పని కూడా చేసుకునే తాత్కాలిక వీసా) బ్రిటిష్ వాళ్లకు 35 ఏళ్ల వరకు అవకాశం ఉంది. కానీ ఒకే యజమాని దగ్గర మామూలుగా 6 నెలలే పనిచేయొచ్చు. పర్మనెంట్ అవుతుందిలే అనుకుని ఏడాది అద్దె ఒప్పందం రాసేయకండి.

– దిగగానే ట్యాక్స్ ఫైల్ నంబరుకి అప్లై చేయండి, ఉచితమే. ఇవ్వకపోతే జీతంలో గరిష్ఠ రేటున పన్ను కోస్తారు.

– పెద్దవాళ్లు ఇది తప్పక చూడాలి: ఆస్ట్రేలియాలో స్థిరపడితే బ్రిటన్ స్టేట్ పెన్షన్ ఏటా పెరగదు. మొదట ఎంత వస్తే అంతే.

– రెండు దేశాల ఒప్పందం వల్ల అత్యవసర వైద్యం అక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్‌లో దొరుకుతుంది, అంబులెన్స్ ఖర్చు మాత్రం అందులో రాదు. ఆ కవర్ విడిగా తీసుకోండి.

– బూట్ల అడుగున గాడుల్లో ఎండిన మట్టిని పాత బ్రష్‌తో రుద్ది కడగండి. మట్టితో తెగుళ్లు వస్తాయని ఎయిర్‌పోర్టులో తనిఖీ గట్టిగా ఉంటుంది.