కుదుటపడ్డాక ఫోన్ చేద్దామని ఆగొద్దు: హాస్టల్ పిల్లలకు, ఇంట్లోవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ 30న ఒంటరితనం మీద ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 71 వేలు దాటుతున్నాయని అందులో ఉంది. అంటే గంటకు దాదాపు వంద. 13 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామని చెప్పారు. అదే నెలలో మన దేశంలో కోవిడ్ యాక్టివ్ కేసులు మళ్లీ 7 వేలు దాటాయి. 2020 నాటి భయం ఇప్పుడు అక్కర్లేదు, నిజమే. కానీ ఈ రెండు వార్తలూ పక్కపక్కన చదివాక నాకు స్థిమితంగా లేదు. ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ అంటూ మొదటిసారి ఇల్లు వదిలి హాస్టళ్లకు వెళ్తున్న పిల్లలు ఎదురుగా ఉన్నారు.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. లాక్‌డౌన్ రోజుల్లో క్లాసు అయిపోయాక కూడా లైన్‌లో ఉండిపోయిన పిల్లలతో చాలా మాట్లాడాను. వాళ్లను చూశాక రాస్తున్నవి ఇవి. మాస్కులు, చేతులు కడుక్కోవడం, యోగా, పుస్తకాలు చదవడం గురించి చెప్పను. అవి మంచివే, మీకు తెలిసినవే.

నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. "మనసు బాలేదు. కాస్త కుదుటపడ్డాక ఫోన్ చేస్తాలే" అనుకోవడం. పిల్లల్ని ముంచింది ఇదే. ఎందుకంటే ఆ కుదుటపడటం దానంతటది రాదు. మాట్లాడితేనే వస్తుంది.

అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 40 మందిని ఒక రోజు పది గంటలు తిండి లేకుండా, ఇంకో రోజు పది గంటలు మనుషులు లేకుండా ఉంచి మెదడు స్కాన్ తీశారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఆకలి మీదున్నప్పుడు తిండి ఫొటో చూస్తే మెదడులో ఏ చోటు ఎలా స్పందించిందో, ఒంటరిగా ఉన్నాక నలుగురు కలిసి ఉన్న ఫొటో చూస్తే అదే చోటు అలాగే స్పందించింది. పది గంటలకే అంత. అయితే ఆకలేస్తే కంచం దగ్గరికి వెళ్తాం. ఒంటరితనం ముదిరితే మనిషి దగ్గరికి వెళ్లబుద్ధి కాదు. మెసేజ్‌కి జవాబు ఆలస్యమైతే "నన్ను వద్దనుకున్నారు" అనిపిస్తుంది. స్నేహితుడు మామూలుగా అన్న మాట కూడా దెప్పినట్టు వినిపిస్తుంది. అందుకని ఇంకా లోపలికి ముడుచుకుంటారు. ముడుచుకున్న కొద్దీ అది పెరుగుతుంది. మాట్లాడాలనిపించే రోజు కోసం ఆగితే ఆ రోజు రాకపోవచ్చు. అనిపించకపోయినా ఫోన్ చేయాలి.

కేసులు పెరగకముందే

ఏ ఊళ్లో ఉండిపోవాలి అని కాదు, ఎవరితో ఉండిపోవాలి అని ముందే తేల్చుకోండి. 2020 మార్చి చివరి వారంలో హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు వేల మంది పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం నిలబడ్డారు. పాసు దొరికినవాళ్లు కూడా రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఎటూ వెళ్లలేక ఖాళీ హాస్టల్లో ఒక్కరే మిగిలిపోయినవాళ్లు ఎంత కుంగిపోయారో నాకు తెలుసు. అలాంటి రోజు మళ్లీ రాకపోవచ్చు. జ్వరమొచ్చి వారం రోజులు గదిలో ఉండాల్సిన పరిస్థితి మాత్రం ఎవరికైనా వస్తుంది. ఎవరి గదికి వెళ్తారు, అన్నం ఎవరు తెస్తారు, రోజూ గొంతు ఎవరు వింటారు? ఇవాళే మాట్లాడుకోండి.

మీ రూమ్మేట్ అమ్మగారి నంబర్ మీ దగ్గర, మీ అమ్మగారి నంబర్ రూమ్మేట్ దగ్గర ఉండాలి. చాలామంది దగ్గర ఉండదు.

బాగున్న రోజుల్లోనే ఒక స్నేహితుడి దగ్గర మాట తీసుకోండి: "రెండు రోజులు నా గొంతు వినపడకపోతే నేను చేస్తానని చూడకురా, నువ్వే చెయ్." కుంగిపోయాక ఆ మాట అడగడానికి నోరు రాదు. అందుకే ముందే.

గదిలో ఉండాల్సి వస్తే

నిద్ర వేళ తప్పనివ్వొద్దు. ఇది ఆరోగ్యం కోసం అనుకుంటారు, అంతకంటే పెద్ద కారణం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి పడుకుని మధ్యాహ్నం లేచేవాడు మెలకువగా ఉండే వేళలో పలకరించేవాళ్లందరూ నిద్రపోతుంటారు. ఇంటి నిండా మనుషులున్నా సరే. వర్క్ ఫ్రమ్ హోమ్ అని సొంతూరికి వచ్చి, వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, అమ్మానాన్నలతో వారానికి నాలుగు మాటలు కూడా మాట్లాడని పిల్లల్ని చూశాను. ఇంట్లోనే ఉన్నాడు కదా అని ఎవరికీ అనుమానం రాలేదు.

రోజుకి ఒక్కసారైనా గొంతుతో మాట్లాడండి. మెసేజ్‌లో బాధ దాచడం తేలిక, ఒక బొమ్మ పెడితే సరిపోతుంది. గొంతులో దాచలేం.

ఒంట్లో బాగైన రోజే బయటికి రండి. మా పాత విద్యార్థిని ఒకామె ఈమధ్య జ్వరంతో హాస్టల్ గదిలో ఒక్కతే ఉంది. జ్వరం వారంలో పోయింది. తలుపు మాత్రం ఇంకా చాలా రోజులు తీయలేదు. "నీరసంగా కనిపిస్తా, అడుగుతారు, కుదుటపడ్డాక వెళ్తా" అనుకుందట. చూశారా, మళ్లీ అదే మాట.

ఇంట్లోవాళ్లకు

"తిన్నావా?" అని అడిగి పెట్టేయకండి. "తిన్నా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ కూర, ఎవరితో కూర్చుని తిన్నావు అని అడగండి. వారం రోజులు "ఒక్కడినే" అని వస్తే మీకు విషయం తెలిసిపోతుంది.

"మా కాలంలో ఇవన్నీ లేవు" అనే మాట మానేయండి. "మార్కులు ఎన్ని?" తర్వాత అడగండి. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని, ఎక్కువ దెబ్బ యువతకు, ఆడవాళ్లకు తగిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. మీ పిల్లలకు గారం ఎక్కువై వచ్చింది కాదు ఇది.

ఆడపిల్ల ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్తే వెనకాల వెళ్లకండి. ఇరుకు ఇంట్లో మనసు విప్పి మాట్లాడే చోటు ఆమెకు అదొక్కటే.

ఫోన్ కాల్స్ మెసేజ్‌లుగా, మెసేజ్‌లు ఒట్టి బొమ్మలుగా మారుతుంటే చూస్తూ ఊరుకోకండి. బస్సెక్కండి. చెప్పి వెళ్లినా సరే, చెప్పకుండా వెళ్లినా సరే.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తున్నాను. ఎవరికి వర్తించేది వాళ్లు పట్టుకోండి.

- కుదుటపడ్డాక కాదు, ఇప్పుడే ఫోన్ చేయండి.
- ఏం మాట్లాడాలో తెలియకపోతే "ఇవాళ మనసు బాలేదు" అనండి. కారణం చెప్పక్కర్లేదు.
- ఒకరు ఎత్తకపోతే రెండో వాళ్లకు చేయండి. ఎత్తకపోవడం తిరస్కారం కాదు. వాళ్లు బస్సులో ఉండొచ్చు, నిద్రలో ఉండొచ్చు.
- రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు రమ్మీ యాప్, అప్పు యాప్ ముట్టొద్దు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో అప్పు యాప్‌ల వేధింపులు ఎంత దూరం వెళ్లాయో గుర్తు చేసుకోండి. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లో ఉన్న ప్రతి నంబర్‌కీ మెసేజ్ పెట్టి పరువు తీశారు. సిగ్గుపడి, ఉన్న నలుగురినీ దూరం చేసుకున్నవాళ్లకు ఇక ఎవరూ మిగల్లేదు.
- ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి. తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.
- మందు ఒక్కరే తాగొద్దు.
- చాట్‌బాట్‌తో మాట్లాడి, మనిషితో మాట్లాడానని లెక్క వేసుకోవద్దు.
- అమెరికాలో ఉన్న పిల్లలూ, ఇక్కడ మీ అమ్మానాన్న నిద్రపోతున్నారని ఆగొద్దు. లేపండి. వాళ్లకు కావాల్సింది నిద్ర కాదు, మీరు. అక్కడ మనసు కుంగినప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది. వాడుకోండి.
- ఉద్యోగం పోయిందని స్నేహితుల గ్రూపు నుంచి బయటికి రావొద్దు. ఉద్యోగం సంగతి వాళ్లకు తెలిస్తేనే ఇంకొకటి చూసిపెట్టేది.
- ఒకే గదిలో ఉంటూ మూడు రోజులుగా స్నానం చేయని, అన్నం దగ్గరికి రాని రూమ్మేట్‌ని "వాడి మూడ్ అంతేలే" అని వదిలేయొద్దు. పక్కన కూర్చోండి. సలహాలు ఇవ్వొద్దు.
- కుదుటపడ్డాక చెబుతాను అంటే ఒప్పుకోవద్దు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను, అవసరమైతే ఇంకా చెబుతాను.
- 14416 నంబర్ ఫోన్‌లో సేవ్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తేనే చేయాలని లేదు, నిద్ర పట్టడం లేదని కూడా చేయొచ్చు.
- "నేను లేకపోయినా ఎవరికీ ఏం కాదు" అని ఎవరైనా అంటే నవ్వి తీసేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. 14416కి గానీ అత్యవసర నంబర్ 112కి గానీ ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి ఉంటే ఆ ఒట్టు తప్పండి.
- హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరెత్తితే సిగ్గుపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడికే వెళ్లాలని లేదు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఓపీ చీటీ తీసుకుంటే చాలు. ఒంటరిగా పంపొద్దు. వెంట వెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోండి, మందులు తీసుకుని ఇంటిదాకా తోడు రండి. రెండోసారి వెళ్లాల్సిన తేదీ మీ ఫోన్‌లో కూడా రాసుకోండి.