దూరం నుంచి మోటారు – 3వ పాఠం: బోర్డులో ఏ సాఫ్ట్‌వేర్?

పోయిన పాఠంలో ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ నీళ్ల మోటారుకు కాంటాక్టర్ (పెద్ద కరెంటుని తట్టుకునే స్విచ్) బిగించి, దాని కాయిల్‌ని మాత్రమే వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు రిలేకి (బోర్డు నడిపే చిన్న స్విచ్‌కి) కలిపాం. (రిలేతో నేరుగా మోటారు నడిపితే స్టార్టింగ్ కరెంటుకి లోపలి పాయింట్లు అతుక్కుపోవచ్చు. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ మోటారుని ఆపలేం.)

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో బటన్లు ఎలా కనిపిస్తాయన్నది పక్కన పెట్టండి. మోటారు నడుస్తుండగా నెట్ పోతే ఏమవుతుంది? కరెంటు పోయి వస్తే? ముందు ఇవి తేల్చుకోండి. బ్లింక్ (ఫోన్ యాప్‌తో బోర్డుని నడిపే సేవ) క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్‌లోని సర్వర్ల మీద ఆధారపడుతుంది. మొదలుపెట్టడం తేలికే, కానీ ఆపే పని ఫోన్‌కి వదిలేస్తే నెట్ పోయిన రోజు ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది.

కొత్తవాళ్లకి మా సలహా టాస్మోటా, అంటే బోర్డులోనే వేసే సాఫ్ట్‌వేర్. ఇందులో టైమర్ బోర్డులోనే నడుస్తుంది. కన్సోల్‌లో (ఆదేశాలు కొట్టే పేజీలో) ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు ఆదేశాలు కొట్టండి. మొదటిది పవర్‌ఆన్‌స్టేట్ 0 (PowerOnState 0). మామూలుగా ఇది 3లో ఉంటుంది. అలాగే వదిలేస్తే, కరెంటు పోయేటప్పుడు నడుస్తున్న మోటారు కరెంటు రాగానే దానంతట అదే లేస్తుంది. రెండోది పల్స్‌టైమ్1 1300 (PulseTime1 1300), ఆన్ అయిన ఎంతసేపటికి ఆగాలో చెప్పేది. 20 నిమిషాలంటే 1200 సెకన్లు, దానికి 100 కలిపి కొట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. 111 వరకు అంకెలు సెకనులో పదో వంతుల లెక్క, కాబట్టి 20 అని కొడితే రెండు సెకన్లకే ఆగిపోతుంది.

ఎమ్‌క్యూటీటీ (పరికరాల మధ్య సందేశాలు పంపే పద్ధతి) వాడితే ‘ఆన్’ సందేశాన్ని రిటెయిన్ పెట్టి, అంటే దాచి ఉంచమని చెప్పి, అస్సలు పంపకండి. బోర్డు మళ్లీ కలిసిన ప్రతిసారీ బ్రోకర్ (సందేశాలు అందించే సర్వర్) ఆ పాత ‘ఆన్’నే చేతికిస్తుంది. అప్పుడు పవర్‌ఆన్‌స్టేట్ 0 ఉన్నా మోటారు లేస్తుంది.

ఇంట్లో హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ఇప్పటికే నడుస్తుంటే, బోర్డులోకి టాస్మోటా బదులు ఈఎస్‌పీహోమ్ మంచిది. కరెంటు వచ్చాక రిలే ఎలా ఉండాలో చెప్పే రిస్టోర్ మోడ్ ‘ఆల్వేస్ ఆఫ్’ పెట్టండి. హోమ్ అసిస్టెంట్ కంప్యూటర్ ఆగిపోతే 15 నిమిషాలకు బోర్డు తనకు తానే రీబూట్ అవుతుంది, మోటారు మధ్యలో ఆగుతుంది. సెట్టింగుల్లో ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో కలిపేది), వైఫై రెండు భాగాల్లోనూ రీబూట్ టైమౌట్ సున్నా సెకన్లు చేస్తే ఈ బెడద పోతుంది.

గేటు మోటారుకైతే రెండు రిలేలు. తెరిచేదీ మూసేదీ ఒకేసారి పడకుండా ఇంటర్‌లాక్ టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ రెండిట్లోనూ ఉంది. వైరింగ్‌లో కూడా అది ఉండి తీరాలి.

మోటారు వైరు విప్పి, కాంటాక్టర్ చప్పుడుతోనే పరీక్షించండి. పల్స్‌టైమ్1 130 ఇస్తే 30 సెకన్లు. ఆన్ చేసి వెంటనే రౌటర్ ఆపేయండి, 30 సెకన్లకు కాంటాక్టర్ వదలాలి. మళ్లీ ఆన్ చేసి బోర్డుకి కరెంటు తీసి ఇవ్వండి, అది లేవకూడదు. రెండూ సరిగ్గా జరిగాక 1300కి మార్చి మోటారు కలపండి.

బోరులో నీళ్లు లేకపోయినా ఈ టైమర్ 20 నిమిషాలూ నడిపిస్తుంది. డ్రై రన్‌ని పట్టుకోవడం 4వ పాఠంలో.