ధోక్‌లకు టీకాలు మోసుకెళ్ళడం ఎలా?

బకర్వాల్ అనే సంచార పశుపాలక కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో మేకలూ గొర్రెలతో జమ్మూ వైపు మకాంలు వదిలి పీర్ పంజాల్ కొండలెక్కుతాయి. మళ్ళీ దిగేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. పైన మేతభూముల్లో వాళ్ళుండే చోట్లని ధోక్‌లంటారు. అక్కడి పసిపిల్లలకు టీకాలు అందాలంటే మనమే నడిచి వెళ్ళాలి.

ముందుగా: ఏ కుటుంబం ఏ ధోక్‌కు వెళ్తుందో వాళ్ళు కొండెక్కకముందే పెద్దమనిషిని అడిగి రాసుకోండి. చాలా కుటుంబాలు ఏటా అదే చోటుకి వెళ్తాయి. వాళ్ళ భాష గోజ్రీ వచ్చిన మనిషి లేకుండా బయల్దేరకండి.

సామాను: వ్యాక్సిన్ క్యారియర్ (టీకాల్ని చల్లగా ఉంచే పెట్టె), నాలుగు ఐస్ ప్యాకులు, సిరంజిలు, వాడిన సూదుల్ని కత్తిరించే హబ్ కట్టర్, టీకా కార్డులు. క్యారియర్‌ని వీపుకే కట్టుకోవాలి. గుర్రం మీద వేస్తే కుదుపులకు మూత వదులవుతుంది.

ఐస్ ప్యాకులు సర్దడం: అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎండకి టీకా పాడవుతుందని భయపడి, ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకుల్ని తీసినట్టే క్యారియర్‌లో పెట్టేస్తారు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకాలు ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు. వాటికి 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. సీసా మీద వేడికి రంగు మారే వీవీఎం గుర్తు వేడి తగిలిందో లేదో మాత్రమే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. బిడ్డకి సూది పడుతుంది, కార్డులో తేదీ పడుతుంది, రక్షణ మాత్రం ఉండదు. వేసవి మొత్తంలో మనల్ని ఒక్కసారే చూసే తల్లికి అంతకన్నా అన్యాయం లేదు.

కాబట్టి ప్యాకుల్ని బల్ల మీద ఒకే వరసలో, మధ్యలో రెండంగుళాలు వదిలి పరవండి. పైన చెమర్చినా తొందరపడకండి. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి, నాలుగింటికీ రావాలి. కొండ మీద చలి పొద్దుల్లో దీనికి చాలాసేపు పడుతుంది. గడియారం చూసి సర్దేవాళ్ళని నేను నమ్మను, చెవినే నమ్ముతాను. తర్వాత తడి తుడిచి, సీసాల్ని జిప్ కవర్లో వేసి, ప్యాకులకు తగలకుండా మధ్యలో పెట్టండి.

ఒకసారి నాతో వచ్చినతను ఈ పని వదిలేశాడు. పైకెళ్ళాక తెరిచి చూస్తే పెంటా సీసాలో మంచు. అన్నీ పక్కన పెట్టి, ఒక్క బిడ్డకీ సూది వేయకుండా దిగొచ్చాం. అప్పటి నుంచి నా క్యారియర్ నేనే సర్దుకుంటాను.

రాత్రి ధోక్‌లో ఉండాల్సి వస్తే క్యారియర్‌ని బయట వదలకండి. లోపలే, పొయ్యికి దూరంగా ఉంచండి.

టీకా వేయడం: మందలు మేతకి కదలకముందు, తెల్లవారుజామునే కూర్చోండి. మధ్యాహ్నం వెళ్ళి "ఎవరూ రాలేదు" అని రాసుకుని దిగిపోయే జట్లంటే నాకు కోపం. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాని పొడిలో ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. అందుకే పిల్లలు చేరాకే కలపండి. సూది పడ్డాక ప్రతి బిడ్డనీ అరగంట కళ్ళముందే ఉంచుకోండి.

కార్డు: ప్లాస్టిక్ కవర్లో వేసి తల్లి చేతికే ఇవ్వండి. తర్వాతి మోతాదుకి కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలని, దిగేటప్పుడు దారిలో ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా వేయించుకోవచ్చని గోజ్రీలో చెప్పించండి. ఆలస్యమైనా మొదటి నుంచి మళ్ళీ వేయించుకోనక్కర్లేదని కూడా చెప్పించండి. ఆ భయంతోనే చాలామంది రావడం మానేస్తారు.